టీసీ వెంట పడ్డ అత్తాకోడళ్లు

ఆ హాల్ట్ స్టేషన్లో టికెట్ కిటికీ ఉంది గానీ, దాని వెనక మనిషి లేక చాలా కాలమైంది. మనిషికి బదులు పెట్టిన మెషీను కొన్నాళ్లు పనిచేసి మొరాయించింది. దానికి ఎవరో గోనెసంచి తొడిగారు. పక్కన గోడకు బోర్డు: "ఇక్కడ ఎక్కేవారు రైలులో టీసీకి ఛార్జీ చెల్లించి రసీదు పొందవలెను. రసీదు లేనివారికి పదింతల జరిమానా."

కోడలు దాన్ని ఒకసారి చూసి వదిలేసింది. అత్తగారు మాత్రం కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి చదివింది.

"పదింతలట! వినపడిందా?"

"రైల్లో కట్టేద్దాం అత్తయ్యా. అందరూ అలాగే కడతారు."

"అందరి సంగతీ నాకెందుకు? ఈ వయసులో టికెట్ లేదని నన్ను పట్టుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోను?"

అసలీ ప్రయాణమే ఆవిడకి గిట్టలేదు. కోడలు దర్జీ. పట్నంలో ఒక నాటకశాలవాళ్లు వేషాలు కుట్టే మనిషి కావాలన్నారని, తన పనితనం చూపించడానికి నాలుగు నమూనాలు సంచిలో వేసుకుని బయల్దేరింది. "ఇంట్లో ఆ మిషను రొద చాలదూ, ఇంకా నాటకాలవాళ్ల బట్టలు కూడానా?" అని నిన్నంతా సణిగిన అత్తగారు, తీరా కోడలు చెప్పులు తొడుక్కునేసరికి, "ఒక్కదానివే ఎలా వెళ్తావు?" అంటూ శాలువా కప్పుకుని గుమ్మంలో సిద్ధమైంది.

రైలెక్కాక కూడా ఆవిడ కూర్చోలేదు. "ముందు టీసీ. తర్వాతే సీటు."

రెండో పెట్టెలో దొరికాడు టీసీ. భారీ మనిషి, ఇస్త్రీ చేసిన కోటు, మెరిసే బొత్తాలు. వీపు మాత్రం గోడకి అతికించినట్టు నిలబడి ఉన్నాడు. అత్తగారు డబ్బున్న చెయ్యి చాచింది.

"బాబూ, పట్నానికి రెండు టికెట్లు."

"కూర్చోండమ్మా, నేనే వస్తా" అంటూనే అతను గోడని ఒరుసుకుంటూ, పీతలా పక్కకి నడుచుకుంటూ వెనక పెట్టెలోకి జారుకున్నాడు.

"చూశావా? డబ్బిస్తానంటే పారిపోతున్నాడు! దిగాక జరిమానా గుంజడానికే ఈ ఎత్తంతా."

ఒకాయన చదువుతున్న పేపరు దించి, "టీసీని చూసి జనం పరుగెత్తడం ఎరుగుదును గానీ, ఇదేం చోద్యమండీ!" అన్నాడు. పెట్టె అంతా గొల్లుమంది. కోడలికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

చివరి పెట్టెకి వెళ్లేసరికి టీసీ సామాన్ల గదిలో దూరి గడియ పెట్టేసుకున్నాడు. అత్తగారు తలుపు దబదబా బాదింది.

"తలుపు తియ్యి బాబూ! మేం ఎగ్గొట్టే బాపతు కాదు!"

"అమ్మా, మీకు దణ్ణం పెడతా, కాసేపు ఆగండి." లోపల గొంతు నీళ్లు నమిలింది. "నాకు కొంచెం... ఇబ్బందిగా ఉంది."

"కడుపులోనా?"

"కడుపు కాదమ్మా. ప్యాంటు."

సంగతి మెల్లగా బయటపడింది. ఎవరిదో ట్రంకుపెట్టె ఎత్తడానికి వంగితే ప్యాంటు వెనక కుట్టు ఈ కొసనుంచి ఆ కొసకి పర్రుమంది. కోటేమో పొట్టి. పట్నం ప్లాట్‌ఫారం మీద పెద్దాఫీసరు తనిఖీకి కాచుకుని ఉంటాడు.

కోడలు నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంది. ఆమె నోరు విప్పేలోగానే అత్తగారు అందుకుంది.

"ఓస్, ఇంతేనా! మా కోడలుండగా నీకేం భయం? అది కుడితే బట్ట చిరగాలి గానీ కుట్టు ఊడదు. మా వీధిలో డాక్టరుగారి పాత కోటు తిప్పి కుట్టిచ్చింది. ఆయన చూసి, ఇది కొత్తది, నాది కాదని వెనక్కి పంపేశాడు! దాని చెయ్యి అలాంటిది. ఇలా ఇవ్వు ప్యాంటు."

కోడలు చప్పున తలెత్తి అత్తగారి వంక చూసింది. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఇందులో ఒక్క ముక్కా తన చెవిన పడలేదు.

తలుపు సందులోంచి శాలువా లోపలికి వెళ్లింది, ప్యాంటు బయటికొచ్చింది. కోడలు సంచిలోంచి సూదీదారం తీసి నేలమీదే చతికిలబడింది. రైలు కుదుపుకి సూది వేలిలో దిగబడింది. అప్పుడు అత్తగారు కూడా ఎదురుగా కూలబడి, బట్టని రెండు చేతులా బిగలాగి పట్టుకుని, కిటికీలోంచి పట్టాల వైపు చూడసాగింది.

"వంపొస్తోంది, ఆగు... ఆఁ, ఇక కానియ్యి."

వంపుల్లో ఆగుతూ, తిన్నటి దారిలో పరుగుపెడుతూ జంటకుట్టు పూర్తయింది. లోపల శాలువా చుట్టుకున్న టీసీ ఈలోగా ఖాళీగా కూర్చోలేదు. రెండు రసీదులు రాసి తలుపు కిందనుంచి తోశాడు.

"కుట్టుకూలీ ఎంతమ్మా? టికెట్ డబ్బులకి చెల్లు వేసేద్దామా?"

"వద్దండీ. ఛార్జీ రైలుది, కూలీ నాది. మాది మీరు తీసుకోండి, నాది నాకివ్వండి."

"అద్దీ, అలా చెప్పు" అంది అత్తగారు సంతోషంగా.

బయటికొచ్చిన టీసీ ఇప్పుడు గోడల జోలికి పోలేదు. పెట్టెల మధ్యలోంచి దొరలా నడిచాడు. పట్నంలో పెద్దాఫీసరు అతని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తల పంకించి ముందుకి సాగిపోయాడు. గేటు దగ్గర ఎవరూ అడక్కముందే అత్తగారు రసీదులు చూపించింది.

వీధిలోకి వచ్చాక కోడలు ఉండబట్టలేకపోయింది. "అత్తయ్యా, ఇందాక నా కుట్టు గురించి మీరన్నవి..."

"ఏమన్నాను? ఆ రైలు చప్పుడులో నీకేం వినపడిందో ఏమో. పద, ఆలస్యమవుతోంది."

నాటకశాలలో వేషాల గదికి పెద్ద ఒక జుట్టు నెరిసిన ఆవిడ. ఆమె నమూనాల్ని వెలుగులో పెట్టి చూస్తుంటే కోడలు పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. అత్తగారు మాత్రం కొక్కేనికి వేలాడుతున్న రాజుగారి అంగరఖా తిరగేసి, లోపలి కుట్టు గోటితో గీరి, పెదవి విరిచింది.

"ఇదెవరు కుట్టారు గానీ, మా అమ్మాయైతే ఇలా కుట్టదు."

"నేనే కుట్టాను" అంది పెద్దావిడ.

కోడలు గబుక్కున అత్తగారి కొంగు పట్టుకుని లాగింది. పెద్దావిడ అంగరఖా అందుకుని తనూ కుట్టు గీరి చూసుకుంది. చేతిలో ఉన్న నమూనా కుట్టుతో పోల్చుకుంది. తర్వాత పకపకా నవ్వింది.

"రేపట్నుంచి పనిలోకి రామ్మా" అంది కోడలితో. ఆ పైన అత్తగారి వైపు తిరిగి, "మీరు మాత్రం రాకండి" అంది.