ఖాళీ జవాబు

అక్క బ్లడ్‌బ్యాంకులో నర్సు. చెల్లెలు ప్రోగ్రామర్. అరుదైన గ్రూపు రక్తం కావాలని అక్క సోషల్ మీడియాలో పోస్టు పెడితే, వందల మెసేజీల్లోంచి ఇస్తామన్నవాళ్లను ఏరిపెట్టే ప్రోగ్రాం చెల్లెలే రాసిచ్చింది. అది అరగంటకోసారి ఆ సైటు ఏపీఐని, అంటే ప్రోగ్రాంలు అడిగితే సమాచారమిచ్చే దాని కిటికీని, అడిగి, అక్క తెరమీద పేర్లు చూపిస్తుంది. రాసిచ్చాక కొన్నాళ్లు చెల్లెలి కాళ్లు నేలమీద ఆనలేదు.

ఆ ఉదయం తొమ్మిదింటికి అక్క ఫోన్ చేసింది.

"ఎవరూ లేరంటోందే నీ ప్రోగ్రాం. పన్నెండులోపు మనిషి దొరక్కపోతే ఆపరేషన్ ఆపేస్తారట. ఒకసారి చూడవే."

"లేకపోతే లేరనే చూపిస్తుంది అక్కా, దాని తప్పేముంది?" అందిగానీ, మనసొప్పక కంప్యూటర్ ముందు కూర్చుంది.

ప్రోగ్రాం అడిగే ప్రశ్ననే తను ఏపీఐని వరసగా పదిసార్లు అడిగింది. ఏడుసార్లు ఇద్దరి పేర్లు వచ్చాయి. మూడుసార్లు ఖాళీ జాబితా వచ్చింది, పైగా అంతా సవ్యమేనన్న గుర్తుతో! ఎర్రర్ అని చెప్పి ఏడ్చినా బాగుండేది. రద్దీ పెరిగితే ఆ మహాతల్లి ఏపీఐ తెలియదనడానికి నామోషీపడి, లేదనేస్తోంది. చెల్లెలు దాన్ని నోరారా తిట్టి, తన కోడ్ తెరిచింది. ఖాళీ జవాబు వస్తే అంతకుముందు దొరికిన పేర్లను కూడా తుడిచేయమని అందులో శుభ్రంగా రాసి ఉంది. రాసింది తనే. తిట్లు ఆగిపోయాయి.

ఖాళీ వస్తే ఏదీ తుడవకుండా మళ్లీ అడగమని మార్చి, అక్కకు ఇద్దరి నంబర్లూ చెప్పింది. పదిన్నరకల్లా ఒకాయన ఆఫీసు నుంచే వచ్చి రక్తమిచ్చాడు.

"బతికించావే," అంది అక్క. "మరి పోయినవారం ఆ పెద్దాయనకీ ఎవరూ లేరనే చూపించింది కదా?"

ఆరోజు రక్తం దొరకలేదని చెబితే ఆ పెద్దాయన, పోనీలెండి ఎవరి పనులు వాళ్లవి అని, సంచీ సర్దుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆయనకోసం అక్క పెట్టిన పోస్టు గురించి చెల్లెలు ఏపీఐని అడిగింది. ఖాళీ. మళ్లీ అడిగింది. నాలుగోసారికి మూడు పేర్లు వచ్చాయి. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

"ఆయన ఆపరేషన్‌కి ఇంకా టైముంది. నంబరిస్తాను, వెనక్కి రమ్మని చెప్పు," అంది అక్క.

"నేనా? నువ్వు చెప్పు అక్కా."

"లేరన్నది నీ ప్రోగ్రామే కదా. నువ్వే చెప్పు."

ఫోన్ పెద్దాయనే ఎత్తాడు. చెప్పాలనుకున్న ఏపీఐ కథంతా చెల్లెలు మింగేసింది.

"మీకు రక్తమిస్తామని ఆరోజే ముగ్గురు ముందుకొచ్చారండీ. ఆ మాట మీదాకా రానివ్వనిది నేనే."

"ముగ్గురామ్మా?" అన్నాడాయన.