ఏడో నంబరు కర్ర

కొండెక్కడానికి వచ్చే వాళ్ళందరికీ నేనే అక్కని, వాళ్ళు నాకంటే పదేళ్ళు పెద్దవాళ్ళయినా సరే. "అక్కా, వేడినీళ్ళు", "అక్కా, సిగ్నల్ ఎక్కడొస్తుంది", "అక్కా, పైన వాన పడుతుందా". పైన వాన సంగతి నాకేం తెలుసు? పాతికేళ్ళ కాపురంలో ఆ కొండ సగం కూడా ఎక్కినదాన్ని కాదు. వాళ్ళకి అద్దెకిచ్చే రెండు గదులూ ఊడ్చి, దుప్పట్లు ఉతికి, మళ్ళీ ఊడ్చేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది.

మాది ముప్పై గడపల ఊరు. బస్సు రాదు. మా మామగారి కాలం నుంచీ ఇక్కడ ఒకటే కట్టుబాటు. పైకి వెళ్ళేవాళ్ళెవరైనా మా వరండాలో నంబర్లేసి మేకులకు తగిలించిన పన్నెండు కర్రల్లో ఒకటి తీసుకోవాలి. దిగాక అదే మేకుకు తగిలించాలి. సాయంత్రం నేను మనుషుల్ని లెక్కపెట్టను, కర్రల్ని చూసుకుంటాను. మేకు ఖాళీగా ఉందంటే మనిషి పైనే ఉండిపోయాడని. అప్పుడు మా ఆయన వెతకడానికి వెళ్ళాలి.

నిరుటి దాకా వెళ్ళేవారు. ఆ కర్రలన్నీ ఆయన చెక్కినవే గానీ ఏనాడూ ఒకటి చేత పట్టలేదు. దారి చూపించీ చూపించీ కుడి మోకాలు అరిగిపోయింది. "ఇంకొక్కసారి కొండెక్కారంటే ఇంట్లో నడవడం కూడా కష్టమే" అని ఎముకల డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. ఇక ఎక్కనని నాకు మాటిచ్చారు. బూట్లు అటక మీద పడేశాను. అప్పటి నుంచి వెతికే పని మా మరిదిది.

మొన్నామధ్య ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. ఒక్కడే. మాట తీరు మంచిది, తిన్న పళ్ళెం తనే కడిగాడు. మర్నాడు పొద్దున్నే ఏడో నంబరు కర్ర తీసుకుని, సంచీ వీపున వేసుకుని, "మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానక్కా" అని వెళ్ళాడు. అతను ఉతికి ఆరేసిన తువ్వాలు తీగ మీదే ఉంది.

రెండయింది. మూడయింది. వడ్డించిన అన్నం చల్లారిపోయింది. మరిది ఆ రోజే గ్యాస్ బండల కోసం జీపు వేసుకుని కిందికి వెళ్ళాడు. కొండ మీదికి మబ్బు దిగుతోంది.

"బూట్లెక్కడ పెట్టావ్?" అన్నారు ఆయన.

"మీరు నాకు మాటిచ్చారు."

"నీకు మాటిచ్చాను, కాదన్లేదు. అతనికి కర్ర ఇచ్చాం కదా."

నేను తువ్వాలు వైపు చూశాను. ఎవరు కన్న బిడ్డో. అటక ఎక్కి బూట్లు దించింది నేనే. ఆ సంగతి ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

బాగా చీకటి పడ్డాక, ఎదురెళ్ళిన పక్కింటి అన్నదమ్ములిద్దరూ ఆయన్ని చెరో భుజం పట్టుకుని దింపుకొచ్చారు. మోకాలు గుమ్మడికాయలా ఉంది. "శిఖరం దాకా వెళ్ళాను, ఎక్కడా లేడు" అని మాత్రం అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

తెల్లారి ఫోన్ మోగింది.

"అక్కా, నేనే! అవతలి వైపు దిగితే దగ్గరని పైనెవరో చెప్పారు. కిందకి దిగితే లారీ దొరికింది, వచ్చేశా. తువ్వాలు మీరే ఉంచుకోండి. కర్ర మాత్రం ఎంత బాగుందో! క్లినిక్‌లో గోడకి తగిలించాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎద్దు పుండు కాకికి ముద్దు! నాలుగు మాటలతో దులిపేద్దామని నోరు తెరిచాను. మంచం మీంచి ఆయన చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నారు.

"డాక్టరుగారూ, క్షేమంగా చేరారా? అటు దిగుడు బాగా నిటారు, కొత్తవాళ్ళకి మోకాళ్ళు పట్టేస్తాయి. వేడినీళ్ళతో కాపడం పెట్టుకోండి, మర్చిపోకండి."

అంతే. ఫోన్ నా చేతిలో పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. జాలితో కాదు, కోపంతోనే ఏడ్చాను.

ఆ సాయంత్రం పైకి వెళ్ళిన కాలేజీ పిల్లలు దిగొచ్చారు, కర్రలు తగిలించి గదుల్లోకి పోయారు. అలవాటు కొద్దీ వరండాలో నిలబడి చూశాను. ఏడో మేకు ఖాళీ, అది తెలిసిందే. నాలుగోది కూడా ఖాళీ. మెట్ల దాకా పరుగెత్తి మరిదిని కేకేశాను. పాపం, అప్పుడే కంచం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడుక్కుని బూట్లు తొడుక్కుంటూ వచ్చాడు.

"ఎవరొదినా? ఎవరు రాలేదు?"

నోరు తెరవబోతుంటే ఇంట్లోంచి చప్పుడు వినిపించింది. టక్కు... టక్కు... మంచం నుంచి స్నానాల గది వైపు. నాలుగో నంబరు కర్ర పొద్దున నేనే ఆయన మంచానికి ఆనించి పెట్టాను.

"ఎవరూ లేర్లే, వెళ్ళి అన్నం తిను" అన్నాను మరిదితో. "అందరూ దిగేశారు."