మొదలూ చివరా లేని తాడు

సంపూర్ణకి నోట్లో నాలుక లేదని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. చల్లపల్లి దగ్గర పల్లెటూరి బళ్ళో పదో తరగతి దాకా చదివింది గాని, హాజరు పిలిచినప్పుడు "ఉన్నానండీ" అనడం తప్ప ఆ పిల్ల గొంతు మాస్టారెప్పుడూ వినలేదు. నీళ్ళలోకి దిగితే మాత్రం చేపపిల్లే. సరంగు కూతురు మరి. తండ్రి బాలశౌరి బందరు కాలవ మీద ధాన్యం పడవ నడిపే రోజుల్లో, సెలవులిస్తే చాలు, ఆమె పడవ మీదే ఉండేది. తెరచాప ఎత్తడం, గడ వెయ్యడం, తెగిన తాడుని పేట విప్పి పేట కలిపి అతకడం, అన్నీ అక్కడే పట్టుబడ్డాయి.

లారీలొచ్చాక ధాన్యం రోడ్డెక్కింది. బాలశౌరి పడవ అమ్ముకుని బెజవాడ చేరాడు. బరాజుకి ఎగువన, కృష్ణ ఒడ్డున, పెద్దమనుషులు సరదాకి పెట్టుకున్న పడవల క్లబ్బులో పని దొరికింది. ఇద్దరే పట్టే చిన్న చిన్న తెరచాప పడవలు. వాటిని కడగాలి, తెరచాపలు ఆరబెట్టాలి, తాళ్ళు బాగుచెయ్యాలి. ఉండటానికి షెడ్డు పక్కనే ఒక గది.

పోయిన వానాకాలంలో పడవకీ రాతిమెట్టుకీ మధ్య అతని కుడిచేతి వేళ్ళు రెండు నలిగాయి. "మానిపోయిందండీ," అన్నాడు క్లబ్బు సెక్రటరీ తిరుపతిరావుగారితో. మానిన మాట నిజమే. వంగవన్న మాట చెప్పలేదు. ఆ వారమే ఊళ్ళో ఉన్న భార్య శౌరమ్మకి కబురు పెట్టి, వండిపెట్టే దిక్కు లేదని పెద్దకూతురు సంపూర్ణని పిలిపించుకున్నాడు.

అప్పట్నించి ఏ తాడు తెగినా బాలశౌరి దాన్ని భుజాన వేసుకుని షెడ్డులోకి వెళ్ళి తలుపు ఓరగా వేసేవాడు. లోపల గోనెసంచి మీద సంపూర్ణ కూర్చుని ఉండేది. కాసేపటికి అతుకు పడ్డ తాడుతో అతను బయటికొచ్చేవాడు.

"నీ చేతిలో ఏదో మహిమ ఉందోయ్," అనేవారు సెక్రటరీగారు.

"తమ దయండీ."

తలుపు వెనక సంపూర్ణ ఓణీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేది. అదొక ఆటలా ఉండేది తండ్రీకూతుళ్ళకి.

మాఘమాసంలో క్లబ్బువాళ్ళు పందేలు పెట్టారు. ఆదివారం ఆడపిల్లల పందెం. సెక్రటరీగారి అమ్మాయి ఛాయాదేవికి జతగా కూర్చోవలసిన పిల్లకి గవదబిళ్ళలు వచ్చాయి. ముందు సీటు ఖాళీ అయింది. ఆ మాట చెవిన పడ్డప్పట్నించీ సంపూర్ణకి అన్నం సహించలేదు. తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు తండ్రి వెనక కూర్చుని చుక్కాని పడితే, ఆ ముందు సీట్లో కూర్చుని చాప లాగేది తనే. గాలి ఎటు తిరుగుతుందో బుగ్గ మీద తెలిసిపోతుంది. చివరికి ఒక సాయంత్రం గోడకేసి చూస్తూ అడిగేసింది.

"నేనెక్కనా నాన్నా?"

బాలశౌరి బీడీ ఆర్పి ఆలోచించాడు. "సెక్రటరీగారి చెవిన వేస్తాలే. ముందు ఆ తాడు సంగతి చూడు."

ఆ తాడు సెక్రటరీగారు మద్రాసు నుంచి తెప్పించిన నైలాను తాడు. ముందు చాప బిగించడానికి ఇదివరకు కుడివైపొక తాడు, ఎడమవైపొక తాడు ఉండేవి. పడవ ఒరిగినప్పుడు ముందు సీట్లో పిల్ల అటునుంచి ఇటు దూకి, వెతుక్కుని పట్టుకునేసరికి గాలి పోయేది. అందుకని రెండువైపులా తిరిగి వచ్చేలా ఒకే తాడు కావాలన్నారు. ఎటు కూర్చున్నా చేతికందాలి. ముడి వేస్తే కప్పీలో ఇరుక్కుంటుంది. పేటలో పేట దూర్చి, అతుకు ఎక్కడో తెలియకుండా కలపాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ పని షెడ్డులో కుదరదు. ముందు తాడుని కప్పీలన్నిట్లోంచీ దూర్చి, ఆ తర్వాతే, పడవలోనే కూర్చుని కొసలు కలపాలి. ఒకసారి కలిపాక దానికి మొదలూ లేదు, చివరా లేదు. తియ్యాలంటే కొయ్యడమే.

శనివారం వెలుగు రేకలు రాకముందే తండ్రీకూతుళ్ళు పడవెక్కారు. సంపూర్ణ కొసలు విప్పి, పేటలు చీలిపోకుండా కొవ్వొత్తి మంటకి చూపించి, వేలు తడిచేసుకుని నొక్కింది. కొయ్యమేకుతో సందు చేసి ఒక్కొక్క పేటా దూర్చింది.

"జనపనార చెప్పిన మాట వింటుంది, ఇది వినదు," అన్నాడు బాలశౌరి. "జారుతుంది. ఇంకో రెండల్లికలు ఎక్కువే వెయ్యి."

వేసింది. అరచేతుల మధ్య దొర్లించి లాగి చూస్తే తాడు చప్పుడు లేకుండా కప్పీ దాటింది. సంపూర్ణ ముందు సీట్లోకి జరిగి ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఒరిగి పట్టుకుని చూసింది.

"రేపు నేనిక్కడే కదా నాన్నా?"

"ఊ," అన్నాడు నది అవతలి ఒడ్డు కేసి చూస్తూ.

"సెక్రటరీగారేమన్నారు?"

"చూద్దామన్నారు లేవే. టీ తాగొస్తా. నువ్వా పీచులు ఏరెయ్."

అతనటు వెళ్ళాడు, ఛాయాదేవి ఇటు సైకిల్ దిగింది. ఒక ఈడువాళ్ళే ఇద్దరూ. పేరు పెట్టి పిలవమని ఛాయాదేవి ఎన్నిసార్లన్నా, సంపూర్ణకి నోరు రాక ఏమీ పిలవకుండానే నెట్టుకొస్తోంది.

"ఏయ్ సంపూర్ణా, పడవెక్కేశావే. భయం పోయిందా?"

"ఏం భయమండీ?"

"నీళ్ళంటే భయమటగా నీకు. సరంగు కూతురికి నీళ్ళ భయమేమిటని మా నాన్న ఒకటే నవ్వు. ముందు నిన్నే పంపమని అడిగాను తెలుసా? ఇప్పుడు కంకిపాడు నుంచి మా చిన్నాన్న కూతురొస్తోంది. దానికి తెరచాపకీ దుప్పటికీ తేడా తెలీదు."

సంపూర్ణ చేతిలో పీచులు అలాగే ఉండిపోయాయి. "ఎవరు చెప్పారండీ?"

"మీ నాన్నే. చిన్నప్పుడు లాకుల దగ్గర నీళ్ళలో పడిపోయావట. అప్పట్నించీ మోకాటి లోతు కూడా దిగవట." ఛాయాదేవి వంగి తాడు పట్టుకుంది. "అబ్బ, మీ నాన్న ఎంత బాగా కలిపాడో. అతుకెక్కడే?"

లాకుల దగ్గర సంపూర్ణ పడలేదు. దూకింది. ఎనిమిదేళ్ళప్పుడు, తండ్రి తలపాగా గాలికెగిరి నీళ్ళలో పడితే, లాకుగోడ మీంచి దూకి పళ్ళతో కరిచి పట్టుకొచ్చింది. ఆ కథని బాలశౌరి బందరు దాకా ఉన్న ప్రతి రేవులోనూ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గోడ ఇంకాస్త ఎత్తు పెరిగేది. వినీ వినీ, తన గురించి లోకానికి తెలియవలసింది ఆ ఒక్క ముక్కే అనుకునేది సంపూర్ణ. ఆ ముక్కనే తిరగేసి అమ్మేశాడు.

కాదని చెప్పొచ్చు. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఛాయాదేవి జాలిగా చూస్తుంటే, అలవాటు కొద్దీ తలూపేసింది. తలూపినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

సాయంత్రం కంచంలో అన్నం పెట్టి ఎదురుగా నిలబడింది. "సీటు కోసం అడిగానన్నావు."

బాలశౌరికి అర్థమైపోయింది. ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. వంగని రెండు వేళ్ళూ కంచం పైన నిలబడే ఉన్నాయి.

"ఎవరు చెప్పారే?"

"ఎవరు చెప్తేనేం?"

"నువ్వెక్కి గెలిచావనుకో. ఈ ఆదివారం పిలిచినవాళ్ళు వచ్చే ఆదివారం పిలవరా? నువ్వు నీళ్ళ మీదుంటే షెడ్డులో ఎవరుంటారు? తాడు తెగితే నేనెవరి మొహం చూడను? నీ చేతులు ఒడ్డునే ఉండాలమ్మా."

"వద్దని చెప్పొచ్చుగా."

"వద్దంటే ఎందుకని అడుగుతారు. భయమంటే ఇంకేమీ అడగరు."

"పొద్దున తాడు కలిపేటప్పుడైనా చెప్పలేదే?"

బాలశౌరి కంచం ముందుకి జరిపాడు. "పులుసు ఇంకాస్త పోయ్," అన్నాడు. సంపూర్ణ పోసింది. చెబితే తను కలిపేది కాదనే చెప్పలేదని, పోస్తూ ఉండగా తెలిసింది.

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చేసరికి ఒడ్డంతా రంగుల గొడుగులూ, గోల్డ్ స్పాట్ సీసాలూ. పైరగాలి లేచాక మొదటి విడత మొదలైంది. సంపూర్ణ మెట్ల మీద నిలబడింది. ఛాయాదేవి పడవ ఒరిగినప్పుడల్లా కంకిపాడు పిల్ల ఇటునుంచి అటు పడుతూ లేస్తూ తాడు అందుకుంటోంది. అంత చేతకానిదానికి కూడా ఆ తాడు చేతికందుతోంది. రెండో స్థానంలో వచ్చారు. వస్తూ వస్తూ, మలుపు తిరగడానికి నీళ్ళలో తేల్చిన గుర్తుపీపా దగ్గర ఇంకో పడవ ముక్కు వచ్చి గుద్దింది. దాని ఇనప అంచు కింద తాడు నలిగి, మూడు పేటల్లో రెండు తెగాయి.

రెండో విడతకి ఎంతో వ్యవధి లేదు. పడవని మెట్ల దగ్గర కట్టారు.

"బాలశౌరీ, కానియ్ కానియ్," అన్నారు సెక్రటరీగారు.

బాలశౌరి తెగిన చోట కోసి, అలవాటుగా తాడుని భుజాన వేసుకోబోయి ఆగిపోయాడు. షెడ్డు దాకా అది రాదు. కప్పీల్లో ఉంది. ఇక్కడే, ఇంతమంది ముందే కలపాలి. వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు. తువ్వాలు విప్పి ఒళ్ళో పరుచుకుంటూ మామూలుగా అన్నాడు. "అమ్మాయ్, ఇలా ఎక్కు. కొవ్వొత్తి పట్టుకుందువుగాని."

తువ్వాలు ఎందుకో సంపూర్ణకి తెలుసు. దాని కింద తన చేతులుంటాయి, పైన అతని పేరుంటుంది. కంకిపాడు పిల్ల సోడా తాగడానికి దిగిపోయింది. ముందు సీటు ఖాళీగా ఉంది.

"నాకు నీళ్ళంటే భయం కదా నాన్నా," అంది సంపూర్ణ.

గట్టిగా అనలేదు. కానీ నది ఒడ్డున మాట దూరం పోతుంది. ఎవరో ఫక్కున నవ్వారు.

"అవునయ్యా, ఆ పిల్లనెందుకు హడలగొడతావ్? నువ్వే చూడు," అన్నారు సెక్రటరీగారు.

"కొవ్వొత్తి నేను పట్టుకుంటాలెండి," అంది పడవలోంచి ఛాయాదేవి.

బాలశౌరి కూర్చున్నాడు. పేటలు విప్పాడు. కొయ్యమేకు ఒకసారి జారి పడవ అడుగున పడింది. మళ్ళీ తీశాడు. పై నుంచి వెళ్ళాల్సిన పేట కింద నుంచి వెళుతోంది. నైలాను నూనె పూసినట్టు జారుతోంది. ఓణీ మడతలో సంపూర్ణ బొటనవేలు తనంతట తనే కదిలి, లేని పేటని నొక్కుతోంది. గుప్పిట మూసేసింది.

ఒడ్డున మాటలు తగ్గాయి. సెక్రటరీగారు ఒక మెట్టు దిగి వంగారు. ఆయన తాడు కేసి చూడటం లేదు.

"ఆ వేళ్ళేమిటి బాలశౌరీ?"

బాలశౌరి తలెత్తి కూతురి కేసి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. లాకుల దగ్గర తలపాగా నీళ్ళలో పడ్డప్పుడు, దూకమని ఎవరూ అడగలేదు ఆమెని. ఇప్పుడు అడుగుతున్నాడు. ఒక్క అంగ వేస్తే పడవ.

సంపూర్ణ మెట్టు మీద కూర్చుంది. నీళ్ళు తగలకుండా కాళ్ళు పైకి తీసుకుంది.