గాజురొయ్య కడుపులో మాట

ముందు మీరేం చూశారో చెప్పండి. అమీర్‌పేట వెళ్లొచ్చామంటారు కదా, ఏం చూశారక్కడ? మైత్రీవనం గోడల నిండా జావా, ఒరాకిల్, టెస్టింగ్ అని బోర్డులు చూశారు. చేతుల్లో కరపత్రాలు కుక్కేవాళ్లను చూశారు. ఇడ్లీ బండి దగ్గర ప్లేటు పట్టుకుని ఇంటర్వ్యూ జవాబులు వల్లెవేసే పిల్లల్ని చూశారు. సరే. ఆ బోర్డుల వెనక, బల్కంపేట వైపు తిరిగే సందులో, సత్తెమ్మ పెరట్లో బావి చూశారా? చూడలేదంటే మీ తప్పు కాదు. చూడ్డానికి జీతం తీసుకునేవాళ్లే చూడలేదని రాశారు.

తెల్లవారగానే ఆ బావి గిలక కిర్రుమనేది. సాఫ్ట్‌వేరు ఉద్యోగం కోసం ఊళ్లకు ఊళ్లు బస్సెక్కి ఇక్కడ దిగుతున్న రోజులవి. సందులో ప్రతి ఇల్లూ హాస్టలై, ప్రతి ఇంటికీ నీళ్ల ట్యాంకరు వచ్చేది. సత్తెమ్మ ఇంటికి మాత్రం ట్యాంకరు అక్కర్లేదు. ఆమె అత్తవారు ఒకప్పుడు అక్కడ తోటకూర, పాలకూర పండించేవాళ్లు. మళ్లు పోయాయి, బావి మిగిలింది. మోటారు పెట్టించుకోమని ఎందరో చెప్పారు. "మోటరు పెడితే రొయ్యలు రెక్కలల్ల పడి నుజ్జయితయి," అని ఆమె బొక్కెనతోనే తోడుకునేది.

అవి గాజురొయ్యలు. వడ్లగింజ కన్నా కాస్త పెద్దవి. ఒంట్లో ఎక్కడా రంగు లేదు. ఎండ పడితే నీళ్లల్లో గీతలు కదిలినట్టుండేది, అంతే. లోకంలో మరే నీళ్లల్లోనూ లేవవి. కడుపులు మాత్రం ఖాళీగా ఉండేవి కావు. బావిలోకి ఎవరు వంగితే వాళ్లు కడుపులో దాచుకున్నది రొయ్యల కడుపుల్లో కనిపించేది. ఎదురింటి హనుమాండ్లు డ్యూటీకి పోతున్నానని భార్యకు చెప్పి పంజాగుట్టలో పేకాడి వచ్చేవాడు. ఒకరోజు ఆమె అతన్ని బావి దగ్గరకు తీసుకొచ్చి వంగమంది. ప్రతి రొయ్య కడుపులోనూ ఇస్పేటు ఆసు. ఆమె బొక్కెన నింపుకుని వెళ్లింది. అతను మర్నాటి నుంచి డ్యూటీకి పోయాడు. ఆ సందు తగాదాలు పోలీసు స్టేషను గడప తొక్కేవి కావు.

మేడ మీద గదిలో అద్దెకుండే సుమశ్రీ మాత్రం ఆ బావి ఛాయలకు వెళ్లేది కాదు. పిఠాపురం పిల్ల. ఎమ్‌సీఏ చదివాననీ, బెంగుళూరులో మూడేళ్లు పనిచేశాననీ అందరితో చెప్పుకుంది. నిజానికి ఆమె బెంగుళూరు ముఖం చూడలేదు. పంజాగుట్టలో ఒక కన్సల్టెన్సీ వాడు ఆమె బయోడేటాలో ఆ మూడేళ్లూ రాసిపెట్టాడు. అక్కడి క్యాంటీన్లో సాంబారు తియ్యగా ఉండేదని చెప్పడం కూడా నేర్పించాడు. ఆ సాంబారు బలంతోనే పంజాగుట్టలోనే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి.

అబద్ధమాడిందని ముక్కు విరవకండి. ఆమె చదివింది జువాలజీ, అదీ ప్రాణం పెట్టి. ఆ చదువుకు ఎవడిచ్చాడు కూడు? ఆకలి తెలియనివాళ్లే నీతులు చెబుతారు. అయితే అబద్ధానికి బరువుంటుంది, అది మోసేవాళ్లకే తెలుస్తుంది. సుమశ్రీకి ఆర్నెల్లుగా అన్నం సరిగా దిగడం లేదు.

"నీళ్లు తోడుకోవే బిడ్డా," అని సత్తెమ్మ అంటే, "నడుం నొప్పి మామ్మగారూ," అనేది.

"నడుముకు మందున్నది. భయానికే లేదు," అని సత్తెమ్మ ఆమె బిందె కూడా తనే నింపి మెట్ల మీద పెట్టేది. ఏం దాచావని ఏనాడూ అడగలేదు.

ఇంతలో బావికి మూడింది. పెరడు సత్తెమ్మదే గానీ బావి సర్కారు లెక్కలో ఉంది. పక్కన లేస్తున్న కోచింగ్ భవనం వాళ్లకు కార్లు పెట్టుకునే చోటు కావాలి. బావి పూడ్చుకోవడానికి అనుమతి తెచ్చుకున్నారు. గాజురొయ్య బతికుంటే పూడ్చకూడదు. కానీ సర్కారు పుస్తకంలో గాజురొయ్య పేరు పక్కన 'అంతరించిన జాతి' అని ఉంది. ఉన్నాయని సత్తెమ్మ అర్జీ మీద అర్జీ పెట్టింది. ఒక అధికారి వచ్చి వంగాడు. రొయ్యల కడుపుల్లో బాల్కనీతో సహా ఒక అపార్టుమెంటు ఫ్లాటు కనిపించింది. భవనం వాళ్లు ఆయనకు ఆశ చూపిన ఫ్లాటు అది. 'ఏమీ చూడలేదు' అని రాసుకుపోయాడు. ఇంకొకాయన బావి దాకా వచ్చి, వంగకుండానే అదే రాశాడు. జాతులు ఇలా కూడా అంతరిస్తాయి, నీళ్లు లేక కాదు, చూసినవాడు చూశానని చెప్పక.

ఆఖరి తనిఖీకి హనుమత్ప్రసాద్ గారు వచ్చారు. సందు మొదట్లో మట్టిలారీ అప్పటికే ఆగి ఉంది. ఆయన గోదావరి జిల్లా మనిషి, పైసా ముట్టనివాడని పేరు. కళ్లజోడు సర్దుకుని వంగారు. మేడ మీద బట్టలారేస్తున్న సుమశ్రీకి బావి నీళ్లు నారింజ రంగులో మెరవడం కనిపించింది.

"జిలేబీలు గదా సారూ?" అంది సత్తెమ్మ, పక్కనే వంగి.

ఆయన నిటారుగా నిలబడి చెమట తుడుచుకున్నారు. "నాకు షుగరమ్మా. మానేశానని మా ఆవిడ దుర్గాంబ మీద ఒట్టేశాను."

"నువ్వు జిలేబి తింటే రొయ్యలేం పాపం జేసినయి?"

"రొయ్య ఉందని రాస్తే దాని కడుపులో ఏముందో కూడా రాయాలి. ఫోటో అంటించాలి. ఆ రిపోర్టు ఇంట్లో టైపు చేసేది దుర్గాంబే." ఆయన కలం తీశారు. 'ఏమీ' అని రాసి ఆగారు.

సుమశ్రీ తడిబట్ట చేత్తో పట్టుకునే మెట్లు దిగింది. ఎందుకు దిగిందో ఆమెకే తెలియదు. "సార్, ఏం చూశారో చెప్పండి."

"నువ్వెవరమ్మా?"

"పైన అద్దెకుంటాను."

"అద్దెకున్నదానివి, నీకెందుకు? అయినా నేనొక్కణ్ణి చూశానంటే చెల్లదు. జువాలజీ చదివిన రెండో మనిషి కూడా చూసి సంతకం పెట్టాలి. ఎక్కణ్ణించి తేను? ఈ అమీర్‌పేటలో చెట్టుకీ పుట్టకీ కంప్యూటరే."

లారీవాడు హారను కొట్టాడు. సుమశ్రీ గట్టు మీద చేతులు ఆనించింది. సంతకం పెడితే పేరు, చదువు, ఊరు అన్నీ పేపర్లో పడతాయి. బెంగుళూరు సాంబారు పులిసిపోతుంది. సోమవారం ఉద్యోగం ఉండదు. ఇంటికి ఏం చెప్పాలి? అలా అనుకుంటూనే వంగింది.

నారింజ రంగు పోయింది. ప్రతి రొయ్య కడుపులోనూ ఒక చిన్న ఇత్తడి మైక్రోస్కోపు. కింద అద్దం మూల పగిలి ఉంది, కాలేజీ ల్యాబులో ఆమెకు దక్కిన దానిలాగే.

హనుమత్ప్రసాద్ గారు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. "ఏ యూనివర్సిటీ అమ్మా?"

"వాల్తేరు సార్. ఎమ్మెస్సీ."

"మరి ఎమ్‌సీఏ అంటివి?" అంది సత్తెమ్మ.

"అబద్ధం మామ్మగారూ."

"గంతేనా? ఇన్నొద్దులు నేను ఏమేమో అనుకున్న. ఎవన్నో లగ్గం జేసుకొని ఇడిసిపెట్టి వచ్చినవేమో అనుకున్న."

సుమశ్రీకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నేను సంతకం పెడతాను సార్. మీరు జిలేబీలు రాయండి."

ఆయన మళ్లీ బావిలోకి వంగారు. ఇప్పుడు రొయ్యల కడుపుల్లో రెండూ ఉన్నాయి, మైక్రోస్కోపు పక్కన జిలేబి. "నేతివి అని కూడా రాయమంటావా?" అన్నారు.

"చూసిందంతా రాయండి."

రాశారు. ఆమె కింద సంతకం పెట్టి, డిగ్రీ పేరు పొల్లుపోకుండా రాసింది. లారీవాడు కాసేపు చూసి, మట్టి ఇంకెవరి గోతిలోనో పొయ్యడానికి వెళ్లిపోయాడు.

రిపోర్టు టైపు చేసిన దుర్గాంబ గారు మర్నాడే మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు, కళ్లారా చూసి నిలదీద్దామని. ఆవిడ వంగీ వంగగానే రొయ్యల కడుపుల్లో తాపేశ్వరం కాజాలు దొర్లాయి. ఆ ఇంట్లో మరి జిలేబి ఊసు ఎవరూ ఎత్తలేదు.

బోనాలు అయిన తర్వాత కాగితం వచ్చింది. 'అంతరించిన జాతి' కొట్టేసి, 'తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి' అని రాశారు. బావి జోలికి ఎవరూ పోకూడదన్నారు. సుమశ్రీ చదివి వినిపిస్తే సందంతా చప్పట్లు కొట్టింది. సత్తెమ్మకు అర్థం కాలేదు.

"ప్రమాదంల ఉన్నదని రాస్తే గంత సంబురమేందే?"

"మొన్నటిదాకా లేదన్నారు మామ్మగారూ. ఇప్పుడు ఉందంటున్నారు."

సత్తెమ్మ ఆ మాట నోట్లో తిప్పుకుంది. "అట్లయితే నా పేరు పక్కన సుత గదే రాయి బిడ్డా. ప్రమాదంల ఉన్నది గాని, ఉన్నది."

ఈ కాగితం రాకముందే, సంతకం పెట్టిన తర్వాతి సోమవారం సుమశ్రీ పంజాగుట్ట వెళ్లింది, చేరడానికి కాదు. కంపెనీవాళ్లిచ్చిన ఉద్యోగం కాగితం వాళ్లకిచ్చేసి, నేను మీరనుకున్న మనిషిని కానని చెప్పింది. వాళ్లు తిట్టలేదు, కాఫీ ఇచ్చి పంపారు. తిరిగి నడుస్తుంటే దారిలో మిరపకాయ బజ్జీల వాసన తగిలి, ఆర్నెల్ల తర్వాత మొదటిసారి కడుపు కరకరలాడింది. బండి దగ్గర నిలబడి తృప్తిగా తిన్నది. నెల తిరక్కుండానే అదే అమీర్‌పేటలో, డాక్టరు సీటు కోసం చదివే పిల్లలకు జువాలజీ చెప్పడానికి చేరింది. జీతం తక్కువే, నిద్ర మాత్రం నిండుగా పడుతోంది.

ఇప్పుడు సత్తెమ్మ బిందె కూడా ఆమే నింపుతుంది. చేంతాడు జారవిడిచి వంగితే రొయ్యల కడుపుల్లో ఏమీ ఉండదు, అటువైపు నీళ్లు కనిపిస్తాయి, నీళ్ల అడుగున రాళ్లు కనిపిస్తాయి.

ఆమె సంగతి అయింది. మరి మీరు ఆ గట్టు మీద చేతులానించి ఒక్కసారి వంగితే, ఆ రొయ్యల కడుపుల్లో ఏం కనిపిస్తుంది? చూసింది చెబుతారా, ఏమీ చూడలేదని రాసి వెళ్లిపోతారా?