లాలి దవడ, మూడు కవర్లు

లాలి బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఇరవై నిమిషాలైంది. ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉంది. మత్తు డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు. లాలి కుడి దవడ ఎముక సగం కోసి తీయడానికి ఖమ్మం నుంచి పొద్దున్నే కారులో వచ్చిన సర్జన్ వెంకటేశ్వరరావు మూడో టీ తాగుతున్నాడు.

"తలుపు పగలగొట్టించండి," అన్నాడాయన.

"రెండు నిమిషాలు సార్," అంది సైమా.

భద్రాచలంలోని ఆ ఆస్పత్రిలో ఆమె పళ్ల డాక్టరు. లాలి దవడ వాపును మొదట చూసిందీ, ముక్క తీసి బయాప్సీకి పంపిందీ ఆమే. క్యాన్సర్ కాదని రిపోర్టు వచ్చింది. పెద్ద పెద్ద కణాలు గుంపుగా చేరి ఎముకను తినేస్తున్నాయట. అవి ప్రాణం తీయవు. దవడను మాత్రం మిగల్చవు.

వరండాలో ఇంకో పంచాయితీ నడుస్తోంది. లాలి భర్త బిచ్యా, చర్ల సంతలో పళ్లు పీకే దూలయ్యను మెడకు తువ్వాలు చుట్టి లాక్కొచ్చాడు. ఆర్నెల్ల కిందట లాలి పన్ను పీకింది అతనే.

"గీడే మేడం దొంగ! గీని పట్కారుతోనే రోగమొచ్చింది. మీరు కాయితం రాసియ్యుండ్రి, ఠాణాల ఏపిస్త."

"పన్ను కదులుతుందంటే పీకిన తల్లీ," దూలయ్య ఏడుపు మొహం పెట్టాడు. "దవడ నేనెట్ల తింట?"

వెంకటేశ్వరరావుకూ అతని మీదే అనుమానం. నేరస్థుడు తువ్వాలుతో సహా దొరికితే ఎవరికి చేదు?

సైమా తలుపు దగ్గరికి వెళ్లింది. "లాలీ, భయమైతుందా?"

"భయం కాదు, ఇసుగు!" లోపలి నుంచి కేక. "పోయినేడు కిడ్నీల రాళ్లని కోసిండ్రు. అంతకు ముందేడు కల్లంల జారితే తొడ ఇరిగి రాడ్ ఏసిండ్రు. ఇప్పుడు దవడ. గిట్ల ముక్కలు ముక్కలు తీస్కుంట పోతే మనిషినేడ మిగుల్త?"

"నోర్ముయ్యవే!" బిచ్యా అరిచాడు.

సైమా వెనక్కి తిరిగింది. కేసు షీటులో 'గతంలో ఆపరేషన్లు' అన్నచోట 'లేవు' అని తన చేత్తోనే రాసింది, బిచ్యా చెబితే.

"అబద్ధమెందుకు చెప్పినవ్?"

"పాత కాయితాలు చూపెడితే కొత్త డాక్టరుకు కోపమొస్తది మేడం. రాళ్లప్పుడు కాలు కాయితాలిస్తే 'వాళ్ల దగ్గరికే పో' అని మొఖం మీద కొట్టిండు. మా తండాల అందరికెరుకే. దవాఖానా మారితే కవర్ మారాలె."

సంచిలోంచి పాత ఆస్పత్రుల కవర్లు రెండు తీశాడు. ఒక కవరు సంగతి ఇంకో కవరుకు తెలియకుండా ఎంతో మర్యాదగా దాచిపెట్టాడు. సైమా దవడ కవరుతో కలిపి మూడింటినీ బెంచీ మీద పక్కపక్కన పరిచింది. విరిగిన తొడ, కిడ్నీలో రాళ్లు, కరుగుతున్న దవడ. మూడు నేరాలు, ఒకటే చేతివాటం.

"సార్, మనం రక్తంలో క్యాల్షియం చూడలేదు."

"బయాప్సీ వచ్చాక ఇంకేం చూడాలమ్మా?"

"మైక్రోస్కోపు కింద రెండు రోగాలకు ఒకటే మొహం సార్. ఒకటి దవడలోనే పుడుతుంది. ఇంకోటి, వేరేచోట దాక్కున్నవాడు చేయించేది. ఇది ఎవరి పనో రక్తమే చెప్పాలి." తలుపు మీద తట్టింది. "లాలీ, దవడ కొయ్యం. చెయ్యి ఒక్కటియ్యి."

గడియ కదిలింది. తలుపు జానెడు తెరుచుకుంది. చెయ్యి మాత్రమే బయటికొచ్చింది.

గంటలో లెక్క తేలింది. రక్తంలో క్యాల్షియం ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. వెంకటేశ్వరరావు నాలుగో టీ సగంలో వదిలేశాడు. హార్మోన్ పరీక్ష, మెడ స్కానింగ్ రాసి ఖమ్మం వెళ్లిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత అదే వరండా. రిపోర్టులు వచ్చేదాకా దూలయ్యను వదలనని బిచ్యా తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. పూటపూటా రొట్టెలు పెట్టాడు. ఈలోగా బిచ్యా తల్లి మంగ్లి అదే ముద్దాయితో తన రెండు పళ్లు పీకించుకుంది.

"ఇప్పుడన్న చెప్పుండ్రి మేడం, గీడేనా?"

మళ్లీ వచ్చిన వెంకటేశ్వరరావు దగ్గి, కిటికీ వైపు చూశాడు.

"కాదు," అంది సైమా. "మెడల కందిగింజంత గ్రంథులు నాలుగుంటయి. లాలికి ఒకటి రేగుపండంత పెరిగింది. ఎముకలల్ల సున్నం దొంగిలించి రక్తంల పోస్తుంది. తొడ ఇరిగింది దానితోనే, రాళ్లు చేరింది దానితోనే. దాన్ని తీసేస్తే దవడ చాలావరకు దానంతటదే పూడుకుంటది."

"మరి దవడ కొయ్యరా?" లాలి కుడి చెంప పట్టుకుని అడిగింది.

"కొయ్యం."

దూలయ్య మెడలోని తువ్వాలు తానే విప్పి, మడతపెట్టి బిచ్యా భుజాన వేశాడు.

"దాని పేరేంది తల్లీ? ఠాణాల ఏమని రాయించాలె?"

"రాయించుకో," అంది సైమా. "పారాథైరాయిడ్."