ఒక కిలో ఎక్కువ

నేను ఒక కాటాను. పోత ఇనుప దిమ్మ, బరువు మోసే పలక, ఇత్తడి దండె, దానిపై జరిగే గుండు: ఇంతే నా శరీరం. నేరమెంతో, పశ్చాత్తాపమెంతో చూపే గీతలు నాపై లేవు. అందుకే కాబోలు, మనుషులు నన్ను పూర్తిగా నమ్ముతారు.

ముప్పై ఏళ్లు ఒక జైలు వంటశాలలో బియ్యం తూచాను. ఎవరికైనా ఉరి తేదీ ఖాయమైతే నన్ను ఆస్పత్రి గదికి మోసుకెళ్లేవారు. ఖైదీని తూచి, అతని బరువుకు ఒకటిన్నర రెట్ల ఇసుక సంచిలో నింపి, ముందురోజు దాన్ని వేలాడదీసి తాడును పరీక్షించేవారు. చంపడంలో పొరపాటు జరగకూడదని మనుషులు పడే శ్రద్ధ నాకు ఇప్పటికీ వింతే.

ఏసోబు అనే ఖైదీ చెప్పులు విడిచి నాపై ఎక్కాడు. తేదీ అతనికింకా చెప్పలేదు.

"తూకమెందుకండీ?"

"చిక్కిపోయావు కదరా. డాక్టరుగారు పాలు రాస్తారంట," అన్నాడు వార్డరు గంగరాజు.

యాభై ఎనిమిది కిలోలు. డాక్టరు పాలేమీ రాయలేదు. ఆడిన అబద్ధానికి కట్టుబడి గంగరాజే పది రోజులు ఇంటి నుంచి తెచ్చాడు. రెండోసారి తూచితే యాభై తొమ్మిది.

"పెరిగానండీ! మీ పాలు ఒంటబట్టాయి," అని ఏసోబు నవ్వాడు.

అధికారి లెక్క సవరించి, సంచిలో మరో కిలోన్నర ఇసుక పోయమన్నాడు. పోసింది గంగరాజే.

ఏళ్ల తర్వాత వేలంలో అమ్ముడై, సినిమా సామాన్లు అద్దెకిచ్చే గోదాముకు చేరాను. ఉరిశిక్షపై చిత్రం తీస్తున్న మృణాళిని నన్ను తెప్పించింది. సలహాకు పిలిపించిన మనిషి, విశ్రాంత వార్డరు గంగరాజు.

నటుడు నాపై నిలబడి బోరున ఏడ్చాడు. మృణాళిని గంగరాజు వైపు తిరిగింది.

"ఎలా ఉంది బాబాయ్‌గారూ?"

"ఏడవలేదమ్మా. నవ్వాడు." గంగరాజు మొదటిసారి పాల సంగతి చెప్పాడు. "మా ఆవిడక్కూడా జైలు పిల్లులకనే చెప్పాను."

ఆ దృశ్యం నవ్వుతోనే తీశారు. తర్వాత సహాయకుడు తేలికైన థర్మకోల్ సంచి తెచ్చాడు.

"ఎవరికి తెలుస్తుంది బాబాయ్?"

"తాడుకి తెలుస్తుంది."

గంగరాజు పట్టుబట్టి ఇసుక నింపించాడు. నేను ఎనభై ఎనిమిదిన్నర చూపాను. అతను సంచి మూతి కట్టనివ్వలేదు. దోసిలితో ఇసుక తీసి పక్కన పోయసాగాడు. ఎనభై ఏడు దగ్గర ఆగాడు.

"ఇప్పుడు కట్టండి."

ఇప్పుడు మళ్లీ గోదాములో ఉన్నాను. ఆ కిలోన్నర తీసేసినంత మాత్రాన జరిగిపోయినదేదీ మారదు. ఆ సంగతి గంగరాజుకూ తెలుసు. ఆ ఇసుక కొద్దిగా నా పలక సందులో మిగిలింది. అందువల్ల దండె సున్నా దగ్గర వెంట్రుకవాసి తేడాతో నిలుస్తోంది. కాటాకు అది దోషమే. అయినా ఎవరైనా తుడిచేస్తారేమోనని నాకు కొంచెం బెంగ.