మర్యాద తప్పితే రెండు పాయింట్లు

ఆటలో సాంసన్ రాజు. అలాంటి ఇలాంటి రాజు కాదు, ఏడు కోటలకూ వాటి చుట్టూ ఉన్న అడవులకూ, ఆ అడవుల్లోని రాక్షసులకూ అధిపతి. రెండు పాచికలు వేస్తే పన్నెండు పడింది, రాజయ్యాడు. అంతే. లోకంలో రాజులు ఇంతకంటే గొప్ప కారణంతో అయ్యారా ఏమిటి!

ఈ ఆటను తెచ్చినవాడు ప్రేమ్ కుమార్. వనపర్తిలో డిగ్రీ చదువుతున్న సాంసన్‌కూ శ్రవణ్‌కూ జతగాడు. 2006 ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్ పోయి, మేనమామ కొడుకు దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకాన్ని జిరాక్సు తీయించుకొచ్చాడు. ఈ ఆటకు పలక ఉండదు, పావులుండవు. ఒకడు కథ చెబుతుంటే మిగతావాళ్లు ఆ కథలో మనుషులైపోయి తామేం చేస్తారో చెప్పాలి. రాక్షసుడికి కత్తి తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఎవరు ఎంత గొప్పవాడన్నదీ పాచికలే తేలుస్తాయి. పుస్తకంలోని డ్యూకులకూ బారన్లకూ ప్రేమ్ నోరు తిరగక, వాళ్లను కొట్టేసి మనవాళ్లను రాశాడు. పన్నెండు పడితే సంస్థానం రాజు, పదకొండుకు జాగీర్దారు, ఆ కింద దేశ్‌ముఖు, పటేలు, పట్వారీ. రెండో మూడో పడితే సుంకరి, అంటే పెద్దల వాకిట్లో నిలబడి చెప్పిన పనల్లా చేసేవాడు. పక్కనే ఎర్ర సిరాతో ఒక రూలు రాశాడు. కిందివాడు పైవాణ్ని మీరు అనాలి, దొరా అనాలి, కూర్చోమనేదాకా నిలబడాలి. మర్యాద తప్పితే రెండు పాయింట్లు కోత.

సుంకరి పదవి శ్రవణ్‌కు పడింది. ఖిల్లా ఘణపూర్ దగ్గరి ఆ ఊళ్లో దశరథం పటేలుకు ఒక్కడే కొడుకు శ్రవణ్. ఆడుకునే వరండా వాళ్లదే, కుర్చీలు వాళ్లవే. సాంసన్ తండ్రి బాలరాజు ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లోనే జీతం ఉన్నాడు. అంతకుముందు సాంసన్ ఎప్పుడొచ్చినా వరండా మెట్ల మీదే కూర్చునేవాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే, పటేలు బయటికి పోయే వేళకు వచ్చి దర్జాగా కుర్చీలో కూర్చుంటున్నాడు. రూలు మరి!

శ్రవణ్ కూడా తన వేషాన్ని బాగా రక్తి కట్టించేవాడు. తువ్వాలు చంకలో పెట్టి, నడుం వంచి, చూపు నేలకు దించి, "బాంచెను దొరా, మీరు చెప్తే చాలు" అనేవాడు. ప్రేమ్ పడీ పడీ నవ్వేవాడు. సాంసన్ కూడా నవ్వేవాడు గానీ, ఆ నడుం వంచడం శ్రవణ్ ఎవర్ని చూసి నేర్చుకున్నాడో అతనికి తెలుసు. ఇరవై ఏళ్లుగా తన తండ్రి ఈ వాకిట్లో నిలబడేది సరిగ్గా అట్లాగే.

అయినా సహించాడు, ఎందుకంటే లోపల ఒక ఆశ ఉంది. ఎవరికైనా చెబితే నవ్వుతారని దాచుకున్న ఆశ. నాలుక ఒకసారి అలవాటు పడితే మళ్లీ వెనక్కి పోదని, ఎనిమిది ఆదివారాలు తనను 'మీరు' అన్న నోరు ఏదో ఒకరోజు ఆట బయట కూడా 'మీరు' అంటుందని. తనను కాదు. తనను 'రా' అన్నా ఫరవాలేదు, దోస్తు కదా. తండ్రిని అంటుందని.

తొమ్మిదో ఆదివారం దశరథం పటేలు ఏదో పెండ్లికి పోయాడు. కథలో శత్రువులు కోటను చుట్టుముట్టారు. శ్రవణ్ చేతులు కట్టుకుని "దొరా, ఏం చెయ్యమంటరు?" అని నిలబడి ఉండగా ఇన్నాళ్లూ ఆ వేళకు పొలంలోనే ఉండే బాలరాజు వాకిట్లోకి వచ్చాడు. పొలం కాడ బోరు స్టార్టరు కాలిపోతే విప్పి భుజాన పెట్టుకొచ్చాడు. పటేలు కొడుకు నిలబడి ఉన్నాడు. తన కొడుకు కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. పాపం, ఆయనకు స్టార్టరు దించడం కూడా చేతకాలేదు.

"తప్పయింది పటేలా! పోరనికి తెల్వదు. లేరా, లే! ఏం పోయేకాలంరా నీకు?"

"ఏ బాలరాజు, పరేషాన్ గాకు," అన్నాడు శ్రవణ్ నవ్వుతూ. "గిది ఆట. నువ్వు గా స్టార్టరు ఆడ పెట్టి పో."

సాంసన్ లేవలేదు.

"శ్రవణ్, మా నాయిన్ను మీరు అను."

"ఏందిరా?"

"రాజు చెప్తుండు. మీరు అను."

శ్రవణ్ ప్రేమ్ వంక చూశాడు. ప్రేమ్ జిరాక్సు కాగితాలు తిరగేశాడు, న్యాయాధికారి ఫైలు చూసినంత శ్రద్ధగా. "రూలు ఆటల ఉన్నోళ్లకేరా. మీ నాయిన పాచికలు ఎయ్యలే గదా!"

"అయితే ఏస్తడు."

బాలరాజు స్టార్టరు గోడ పక్కన దించి, వద్దు వద్దంటూనే ఉన్నాడు. సాంసన్ కుర్చీ దిగి, తండ్రి చేతిలో పాచికలు పెట్టి, వేళ్లు మూసి, "నాయినా, ఒక్కసారి ఎయ్యి, నా కోసం" అని బతిమాలాడు. బాలరాజు గొంతుకూర్చుని, వేడి బొగ్గులను వదిలించుకున్నట్టు వాటిని గచ్చు మీదికి జారవిడిచాడు. ఆరు, అయిదు.

"జాగీర్దారు!" అని ప్రేమ్ చప్పట్లు కొట్టాడు.

శ్రవణ్ నిజంగానే ప్రయత్నించాడు. అది ఒప్పుకోవాలి. చేతులు కట్టుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. "దొరా..." అన్నాడు. "దొరా బాలరాజు, నువ్వు గీడ..." ఆగిపోయాడు. ప్రేమ్ "రెండు పాయింట్లు కట్!" అని అరిచాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "జాగీర్దారు దొరా, నువ్వు... జర ఆగురా ప్రేమ్." మూడోసారి పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి 'ఏ బాలరాజు' అన్న నోరది. చివరికి తలకాయ గోక్కుని, సిగ్గుపడి నవ్వేశాడు. "వస్తలేదురా సాంసన్. కసమ్, నోట్లెకెల్లి వస్తలేదు."

వాడు పొగరుతో అని ఉంటే బాగుండేది. కాలర్ పట్టుకోవడానికైనా ఉండేది. వాడు నిజం చెబుతున్నాడు, అందుకే సాంసన్‌కు ఏడుపొచ్చింది. తొమ్మిది వారాలుగా శ్రవణ్ మర్యాద ఇచ్చింది పాచికలకు, మనిషికి కాదు. పాచికలు కూడా చేయలేని పని ఒకటుందని ఇప్పుడు తేలింది.

బాలరాజే ముందుగా తేరుకున్నాడు. పాచికలు ఏరి, రెండు చేతులతో శ్రవణ్‌కు అందించాడు. "పోనీయుండ్రి పటేలా. నాకోసం గింత తక్లీబెందుకు?" అన్నాడు. నొచ్చుకున్నవాణ్ని ఓదార్చినట్టే అన్నాడు. తర్వాత కొడుకు రెక్క పట్టుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు సాంసన్.

ఇద్దరూ వాకిలి దాటుతుండగా శ్రవణ్ వెనక నుంచి పిలిచాడు. మనసులో ఏ కల్మషమూ లేదు, దోస్తు నొచ్చుకున్నాడని బాధే ఉంది.

"సాంసన్! వచ్చే ఐతారం వస్తవు గద?"

సాంసన్ వెనక్కి తిరిగాడు. పక్కన తండ్రి నేల చూస్తూ నిలబడ్డాడు. సాంసన్ నోరు తెరిచాడు, ఎప్పటిలా 'వస్తరా శ్రవణ్' అనబోయాడు.

"వస్త పటేలా," అన్నాడు.

అన్నాక గానీ అతనికే వినపడలేదు. శ్రవణ్ ఉలిక్కిపడతాడని, 'పటేలు ఏందిరా' అని తిడతాడని అక్కడే నిలబడి ఎదురుచూశాడు. శ్రవణ్‌కు అందులో వింతేమీ తోచలేదు. మంచిదని తలూపి, లోపలికి పోయి కుర్చీలో కూర్చున్నాడు.